ఎడమ బాక్సు మీద నా ఫిర్యాదు

నవంబరు 3

నువ్వు వినవు. నీమీద నా అభియోగం అదే. ఈ పేజీ తెరిచినవాడివి ఎవడివైనా సరే — చెవులు రెండూ ఉంచుకుని, నీ వంతు ఎప్పుడొస్తుందా అని ఎదుటివాడి నోరు చూస్తూ కూర్చుంటావు. దాన్ని వినడం అనరు. కాచుక్కూర్చోవడం అంటారు.

ఈ నెల పత్రికకి వ్యాసం మొదలు ఇలా ఉంటే బాగుంటుంది. కార్తీకం మైకుల మీద. గుడి మైకు, చర్చి మైకు, పార్టీ మైకు — అందరికీ సమానంగా వడ్డిస్తాను.

ఇంతకీ స్పీకర్లు వచ్చాయి. రాజమండ్రి నుంచి వ్యానులో, మూడు పెట్టెలు. రెండు బాక్సులు, ఒక సబ్ వూఫరు. మా ఆవిడ విమల బడిలో లెక్కలు చెప్పి వచ్చేసరికి హాలంతా థర్మోకోలు ముక్కలు.

"పదిహేనేళ్ళు మైకుల మీద రాసి రాసి, చివరికి మీరే తెచ్చుకున్నారా?"

రెండూ ఒకటి కాదన్నాను. ఊరిమీద రుద్దేది వేరు, ఇంట్లో కూర్చుని కావాలని వినేది వేరు. మంచి శబ్దం మేడల్లో వాళ్ళ సొత్తేం కాదు. కాలేజీ లెక్చరర్ని, నా వయసున్న ట్రాన్సిస్టరు ముందు ఇంకెన్నాళ్ళు... పైగా ఈ మధ్య పాటల్లో పస తగ్గింది, పాతవాటిలో కూడా, ఆ బరువు మళ్ళీ వినాలి నాకు. అరగంట చెప్పాను. ఆమె ఆ అరగంటా థర్మోకోలు ఏరి సంచిలో వేసింది. "అయిందా?" అంది. కాఫీ తెచ్చింది.

నవంబరు 4

బిగించాను. ఎడమ బాక్సు కిటికీ పక్కన. కుడి బాక్సు పుస్తకాల బీరువా పక్కన. ఎదురుగా నా పడక్కుర్చీ. సబ్ వూఫరు మూలన.

పాట మొదలైందో లేదో వంటింట్లో స్టీలు గ్లాసులు మోగాయి. పడగ్గదిలో ఇనప బీరువా తలుపు గడగడలాడింది. విమల గరిటె పట్టుకునే వచ్చింది.

"బీరువా కూడా ఉపన్యాసం మొదలెట్టిందండీ. మీ గాలి తగిలి."

గోడవతల నుంచి మంగతాయారు గారు — "మాస్టారూ, ఇంట్లో ఊరేగింపేమన్నా ఉందాండీ?"

మొన్న వినాయక చవితికి డీజేల మీద అర్జీ రాసింది నేను. మొదటి సంతకం ఆవిడది. తల ఎత్తలేకపోయాను. తగ్గించాను.

నవంబరు 6

సత్తిబాబుకి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్ళు నా ప్రతి మీటింగుకీ మైకు కట్టినవాడు, మా ఇంట్లో ఒక డబ్బా ఎక్కడ పెట్టాలో చెప్పమంటే నవ్వుతాడు.

"మూల పెడితే అదలాగే గొణుగుతుందండీ మాస్టారూ. ముందు దాన్ని మీ కుర్చీలో కూర్చోబెట్టండి."

"మరి నేను?"

"మీరు నేలమీద పాకండి. గోడవెంట. ఎక్కడ చెవి పెడితే దమ్ము సమంగా వినపడుతుందో, తర్వాత దాన్ని అక్కడ పెట్టాలి."

వేళాకోళం అనుకున్నాను. ఇంకోచోట వాకబు చేశాను. నిజంగానే పద్ధతి అదేనట.

నవంబరు 7

పాకాను.

రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. సబ్ వూఫరు నా పడక్కుర్చీలో, కాళ్ళు బారజాపుకున్న ఆసామిలా. నేను దాని ముందు మోకాళ్ళ మీద, చెయ్యి మార్చి చెయ్యి. ఎవడి ముందూ వంగకూడదని పాతికేళ్ళుగా పిల్లలకి చెప్తున్న నడుం ఇది. కిటికీ కింద — బుర్రలో రోలు తిప్పినట్టుంది. టీవీ బల్ల దగ్గర — అసలేం లేదు. బీరువాకీ తలుపుకీ మధ్య జానెడు చోటు... అక్కడ సర్దుకుంది. గొణుగుడు పోయి డోలు డోలులా పలికింది. "దొరికింది!" అని అరిచాను.

తల తిప్పితే గుమ్మంలో విమల. చేతిలో పరీక్ష పేపర్ల కట్ట. ఎప్పుడొచ్చిందో.

ఏదో అంది.

"ఏంటి?"

"ఏం లేదండీ."

ఆ నవ్వు మాత్రం పెళ్ళినాటిది. మోకాలి చిప్పలు రెండూ వాచాయి. లాభమే.

నవంబరు 9

ఆదివారం. విమల చర్చికి వెళ్ళింది. నేను వూఫరు వెనక మరలతో కూర్చున్నాను. ఎవరి దేవుడు వాళ్ళకి.

ఒక మర — ఎక్కడివరకు లోతు శబ్దం వూఫరు మోయాలి, ఎక్కణ్ణుంచి బాక్సులు అందుకోవాలి అనేదానికి. ఎక్కువ పెడితే పాడేవాడి గొంతు తలుపు పక్కకి మార్చిన డబ్బాలోంచి వస్తుంది. తక్కువ పెడితే మధ్యలో గుంట. ఎనభై దగ్గర నిలబెట్టాను. ఇంకో చిన్న మీట — అటు వేస్తే డోలు చిక్కబడుతుంది, ఇటు వేస్తే పలచబడుతుంది. వేశాను, తీశాను, వేశాను. పదిహేనుసార్లు.

సత్తిబాబు అంటాడు — "ఉన్నట్టు తెలియకూడదండీ వూఫరు. ఆపేస్తే మాత్రం ఇల్లు ఖాళీ అయినట్టుండాలి. అప్పుడే సెట్ అయినట్టు."

విమల పన్నెండున్నరకి వచ్చింది. ఇంట్లో నేనున్నాను, పాట ఉంది, వూఫరు ఉంది. అయినా ఆమె వచ్చాకే సెట్ అయింది. ఈ ముక్క ఆమెకి చెప్పలేదు. చెప్తే ఈ చెవి నుంచి ఆ చెవిదాకా నవ్వుతుంది.

నవంబరు 10

ఎడమ బాక్సు తేడాగా ఉంది.

నవంబరు 11

అనుమానం కాదు. నిజంగానే తేడా. కుడి బాక్సులో తాళం చెక్కభజనలా ఖణేల్మంటోంది. ఎడమదాంట్లో గోనెసంచి కప్పినట్టు. పాట మొత్తం కుడివైపుకి జారిపోతోంది. కుడివైపుకి జారడం ఈ దేశంలో కొత్తేం కాదు, మా హాల్లో మాత్రం ఒప్పుకోను.

నవంబరు 12

బాక్సులు తారుమారు చేశాను. ఇటుది అటు, అటుది ఇటు. ఒక్కొక్కటీ బియ్యం బస్తా అంత బరువు.

ఇప్పటికీ ఎడమదే తేడా. అంటే బాక్సుది కాదు తప్పు. యాంప్లిఫయరుది.

నవంబరు 13

యాంప్లిఫయరు వెనక వైర్లు తారుమారు చేశాను, మళ్ళీ సరిచేశాను. అయినా ఎడమే. అంటే కిటికీది. శబ్దం బయట కాలవలోకి పోతోంది. కిటికీకి బొంత కట్టాను.

"బొంతెందుకండీ?"

"శబ్దం కారిపోతోంది."

విమల కిటికీ వంక చూసింది, నా వంక చూసింది. లెక్కల టీచరు చూపు. తప్పు ఏ మెట్టులో జరిగిందో తెలిసి, పిల్లాడే పట్టుకోవాలని ఊరుకునే చూపు.

నవంబరు 14

బొంతతో లాభం లేదు. బ్యాలెన్సు నాబ్ ఎడమకి తిప్పాను. గడియారంలో పదింటి దగ్గరికి. ఆహా. ఇప్పుడు సమానం.

నవంబరు 15

నాబ్ మధ్యలో ఉంది. దుమ్ము దులుపుతూ కదిపినట్టుంది. మళ్ళీ పదింటికి.

నవంబరు 16

మళ్ళీ మధ్యలో.

నవంబరు 17

దుమ్ము కాదు. ఆమే తిప్పుతోంది.

"ఎడమది అరుస్తోందండీ. ఆ పక్కన కూర్చుంటే తలనొప్పి."

"అది అరుపు కాదు. ఇన్నాళ్ళకి దానికి మాట దక్కింది."

"సమానంగా ఉన్నదాన్ని పక్కకి తిప్పి సమానం అంటారేంటి?"

"నాకు వినపడేదే కదా నేను చెప్పేది!"

"నాకు వినపడేది నేను చెప్పకూడదా?"

గెలిచింది. ఒప్పుకోలేదు గానీ గెలిచింది. చర్చిలో క్వయర్‌తో కలిసి పాడే చెవి కదా అని ఎద్దేవా చేశాను. పాలకొల్లు లూథరన్ల పిల్ల. ఎనిమిదో ఏట నుంచీ పాడుతోంది. పెళ్ళయిన కొత్తలో అంట్లు తోముతూ పాడేది. ఈ మధ్య మానేసింది. వయసేమో.

నవంబరు 18

స్పీకర్లు అమ్మిన కొట్టువాడికి ఉత్తరం రాశాను. రెండు పేజీలు. "వినియోగదారుడి మౌనాన్ని మీరు అంగీకారంగా తీసుకుంటున్నారు" — ఈ వాక్యం బాగా వచ్చింది. ఉత్తరం ఫొటో, ఒక వీడియో తీసి ఫోన్లోనే పంపాను.

సాయంత్రం ఫోన్ చేశాడు.

"సార్, మీ వీడియో మా కుర్రాళ్ళందరం విన్నామండీ. రెండూ ఒకేలా ఉన్నాయండీ."

వాదించాను. "అవునండీ, నిజమేనండీ, కానీ సమానంగానే ఉన్నాయండీ." అంత మర్యాదగా ఒప్పుకోకపోవడం నేనెక్కడా చూళ్ళేదు. తిట్టడానికి సందు ఇవ్వడు.

నవంబరు 20

వాన. తడిసిన ధాన్యం మీద కౌలు రైతుల మీటింగు, మార్కెట్ యార్డు షెడ్డు కింద. రోడ్డు పొడుగునా బరకాలు, బరకాల కింద వడ్లు, పక్కన గొడుగులేని మనుషులు. నలభై నిమిషాలు మాట్లాడాను. గొంతు బొంగురుపోయింది. కలెక్టరాఫీసుకి కోర్కెల పత్రం అక్కడే చదివి వినిపించాను. ఏడు డిమాండ్లు. ఏడూ చప్పట్లు కొట్టించుకున్నాయి. ఎన్ని తీరతాయో చూడాలి.

మైకు సత్తిబాబుదే.

"మానిటరు బాక్సు..." అన్నాను.

"ఎడం పక్కన, దగ్గరగా, బాగా గట్టిగా. తెలుసండీ. ముప్పై ఏళ్ళ నుంచీ అక్కడేగా."

ఆ బాక్సులోంచి నా మాట నాకు మీదపడి వినపడకపోతే ఊపు రాదు. కుడిచెయ్యి ఊపుతాను కాబట్టి అటువైపు అడ్డం. వాడు మాత్రం ఎప్పట్లా చెవుల్లో దూది. "నా మాటంటే నీకంత వెగటా?" అంటే ఎప్పట్లాగే నవ్వు.

ఎడమ బాక్సు సంగతి చెప్పాను. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు.

నవంబరు 23

వరసగా రాస్తాను.

సత్తిబాబు ఒంటిగంటకి వచ్చాడు. ఆత్రేయపురం పూతరేకులు పెట్టెడు. ఒక పెన్ డ్రైవు. విమల అప్పుడే చర్చి నుంచి వచ్చి కాఫీలు పెడుతోంది.

"ఇది పోయిన క్రిస్మస్‌కి విమల గారి క్వయర్ నేనే రికార్డు చేశానండీ. రెండు మైకులు. ఆడవాళ్ళు ఎడమ, మగవాళ్ళు కుడి. దీంతో బాక్సులు తెలిసిపోతాయి."

పెట్టాడు. నాబ్ మధ్యకి తిప్పాడు. మగవాళ్ళ గొంతులు గోడకట్టినట్టు వచ్చాయి. ఆడవాళ్ళవి ఎక్కడో వెనక. చూశావా అన్నాను. ఇక ఆగలేదు. చర్చి అయినా గుడి అయినా ఇంతే, ఆడదాని గొంతుని వెనక్కి తొయ్యడమే, ఆఖరికి రికార్డింగులో కూడా — సత్తిబాబూ, నువ్వు కూడానా, నీ మైకు కూడా మగపక్షమేనా...

వాడు వినమన్నట్టు పాట వైపు వేలు చూపించాడు.

మధ్యలో అందరూ ఆగారు. ఎవరో ఒకావిడ ఒంటరిగా అందుకుంది. కాలవకి అవతలి గట్టు మీద నుంచి పాడుతున్నట్టు.

"ఎవరావిడ? పాపం, ఆవిణ్ణి మైకు దగ్గరికే రానివ్వలేదా?"

విమల కాఫీ గ్లాసులు బల్లమీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"విమల గారండీ" అన్నాడు సత్తిబాబు.

నేను నవ్వాను. ఇరవై ఆరేళ్ళ నుంచి వింటున్న గొంతు నాకు తెలీదా అన్నాను.

పాటలో అందరూ మళ్ళీ అందుకున్నాక వాడు పూతరేకు ఒకటి విప్పాడు. లోపలి బెల్లం పొడి పళ్ళెంలోకి దులిపి, పొర ఒక్కటి తీసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కుడి బాక్సు ముందు పెట్టాడు. పొర వణికింది. ఎడమదాని ముందు పెట్టాడు. అంతే వణికింది. తేడా లేదు.

"బాక్సు పాడుతోందండీ మాస్టారూ."

"అయితే?"

"ఓసారి కుర్చీ అటు తిప్పి కూర్చోండి. బాక్సులకి వీపు పెట్టి."

ఇదేం చోద్యం అంటూనే తిప్పాను. కూర్చున్నాను. ఎదురుగా గోడ, గోడమీద మా పెళ్ళి ఫొటో. వాడు పాటని వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు.

మగవాళ్ళ గోడ కూలిపోయింది. ఆడవాళ్ళు వచ్చారు. తర్వాత అందరూ ఆగారు. అప్పుడు — విమల.

విమలే. ఇంకెవరు? 'ల' దగ్గర కొంచెం ఆగి, మెత్తగా దిగే ఆ పద్ధతి. అంట్లు తోముతూ పాడిన గొంతు. నా భుజం పక్కనే, కుడి పక్కనే.

కిటికీ పక్కన ఉన్న బాక్సు అదే. ఇన్నాళ్ళూ నేను తిట్టిన బాక్సు. కుర్చీ తిప్పితే దానికి గొంతొచ్చింది. బాక్సులో తప్పుంటే కుర్చీతో పాటు తిరగదు.

లేచి ఆ బాక్సు ముందు నిలబడ్డాను. కుడి చెవిలో వేలు కుక్కుకున్నాను. పూతరేకు ఇంకా వణుకుతోంది, వాడి వేళ్ళమధ్య. కింద వూఫరు దమ్ము కాళ్ళకి తెలుస్తోంది. మిగతాది ఏమీ లేదు. పాట లేదు.

"నీ బాక్సులే తినేశాయిరా నా చెవి" అన్నాను. అరిచాననుకుంటా.

"అవునండీ" అన్నాడు సత్తిబాబు. "మొదటి ఏడే దూది ఇచ్చానండీ మీకు. మైకువాడికి దూది గానీ, మాట్లాడేవాడికెందుకురా అన్నారు. నేనింకోసారి చెప్పాల్సింది. మీతో వాదించి గెలవలేక..."

ఏడుస్తున్నాడు, వెధవ. నాకంటే రెండేళ్ళు పెద్దవాడు. పూతరేకు వాడి చేతిలోనే నలిగిపోయింది.

నవంబరు 24

మొదటి పేజీ తిరగేశాను. మొదటి వాక్యం చదివాను.

చింపలేదు. ఉండనీ.

నవంబరు 25

కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ఎడమవైపు బెంచీల పిల్లలు ప్రశ్నలు అడగరని మూడేళ్ళుగా తిడుతున్నాను. ఇవాళ అటువైపుకి నడిచి వెళ్ళి నిలబడ్డాను. ముగ్గురు చేతులెత్తారు. ఒకమ్మాయి — "ఇదే డౌటు పోయిన వారం కూడా అడిగాను సార్."

నవంబరు 26

విమల చెప్పింది. నేనే అడిగాను, భోజనాల దగ్గర. ఆమె కుర్చీ నా ఎడం పక్కన. ఎప్పుడూ అక్కడే. ఇవాళ కుర్చీ జరుపుకుని తనకి ఎదురుగా కూర్చున్నాను.

"పోయిన క్రిస్మస్‌కి... నువ్వు ఒక్కదానివే పాడావని నాకెందుకు చెప్పలేదు?"

చాలాసేపు ముద్ద కలిపింది.

"చెప్పానండీ. ఇక్కడే. నాకు సోలో ఇచ్చారు, ఇరవై నాలుగు సాయంత్రం, మీరు వస్తారా అని అడిగాను. మీరు పేపరు చదువుతున్నారు. పలకలేదు."

"వినపడలేదు."

"నాకేం తెలుసు? సిద్ధాంతం అనుకున్నాను."

నేను గుడి మెట్టూ ఎక్కను, చర్చి మెట్టూ ఎక్కను. పెళ్ళికి ముందే చెప్పాను. పాతికేళ్ళు ఆమె ఒక్కసారి కూడా రమ్మని అడగలేదు. పోయిన ఏడు ఒక్కసారి అడిగింది. దానికి నా జవాబు మౌనం.

"మళ్ళీ అడగొచ్చుగా..."

"మీ నమ్మకం మీది. దానికి అడ్డం రాకూడదని నా నమ్మకం. మీరు రాలేదని కోపం రాలేదండీ. రాను అనైనా అనలేదే అని..." ఆగింది. "పులుసు వెయ్యనా?"

వెయ్యమన్నాను.

నవంబరు 27

గోడమీద ఫొటో. టౌన్ హాల్లో దండల పెళ్ళి. పంతులు వద్దన్నాను, పాస్టరు వద్దన్నాను. ముహూర్తం లేదు, మంగళసూత్రం లేదు, ఉంగరం లేదు. మా నాన్న ఒక మూల, వాళ్ళ నాన్న ఒక మూల మొహాలు మాడ్చుకుని. ఫొటోగ్రాఫరు మాత్రం "అమ్మాయి ఎడం పక్కకి రావాలండీ" అన్నాడు. మా వాళ్ళూ తలూపారు, వాళ్ళ వాళ్ళూ తలూపారు. ఆ రోజంతా రెండు వైపులా ఒప్పుకున్న విషయం అదొక్కటే. ఆమె జరిగింది. నేను పట్టించుకోలేదు.

అన్ని ఆచారాలూ కడిగేశాననుకున్నాను. ఆ ఒక్కటీ మిగిలింది. భోజనాల బల్ల, ఉయ్యాల బల్ల, మంచం, సినిమా హాలు, గోదావరి గట్టు మీద నడక. అన్నిచోట్లా ఎడం పక్కనే. రోజురోజుకీ ఆరిపోతున్న చెవిలో చెప్పుకుంటూ వచ్చింది.

ఎన్ని చెప్పిందో.

నవంబరు 28

సత్తిబాబు కొట్టుకి వెళ్ళాను. కోపం తెచ్చుకుని వెళ్ళాను, దారిలో పోయింది. వాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. దూది ఉంటే పెట్టు అన్నాను. డ్రాయరు తీశాడు. ఏకంగా కట్ట. ఇద్దరం టీ తాగాం. వాడు నాకు కుడివైపు వచ్చి కూర్చున్నాడు — స్టూలు లాక్కుని.

"కొట్టువాడికి ఇంకో ఉత్తరం రాయండి మాస్టారూ."

"ఏమని?"

"ఎడమ బాక్సుకి క్షమాపణ."

వాడి మొహం.

రాశాను, ఇంటికొచ్చి. నాలుగు వాక్యాలే. నా జీవితంలో ఇంత చిన్న ఉత్తరం రాయలేదు.

నవంబరు 29

చెవి మిషను పెట్టుకోను. అదొక్కటీ చెప్పేశాను. స్టేజి మీద చెవిలో మిషనుతో నిలబడి కలెక్టర్ని "మీకు వినపడదా" అని అడిగితే ఎలా ఉంటుంది? ఎదుటివాడికి నవ్వడానికి నేనే కర్ర ఇచ్చినట్టు. వీడికే వినపడదు, వీడి మాట ఎవడు వింటాడు అంటారు. అనకపోతే అనుకుంటారు.

విమల వాదించలేదు. "డాక్టరేమంటాడో చూద్దాం, రండి" అంది. వచ్చే బుధవారం రాజమండ్రిలో చెవి డాక్టరు దగ్గర పేరు రాయించిందట. అసలు మిషను పనికొస్తుందో లేదో, ఆలస్యమైపోయిందో ఏమో... అదీ ఉంది. దాన్ని మాత్రం ఆమెతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నవంబరు 30

ఆదివారం. కుర్చీ ఇంకా గోడవైపే తిరిగి ఉంది. ఇద్దరిలో ఎవరమూ తిప్పలేదు.

పెన్ డ్రైవు పెట్టాను. నాలుగుసార్లు విన్నాను. ఆ పాట దేవుడికి. నాకేం అభ్యంతరం లేదు, ఉండాల్సిన వాదనంతా ఉంది గానీ అది ఇవాళ్టికి కాదు. వూఫరు కట్టేసి విన్నాను. మళ్ళీ వేసి విన్నాను. కట్టేస్తే నిజంగానే ఇల్లు ఖాళీ. సత్తిబాబు చెప్పినట్టే సెట్ అయింది. వీధి తలుపు చప్పుడైంది. ఆపబోయి ఆపలేదు.

విమల గుమ్మం దగ్గరే నిలబడింది, చేతిలో పాటల పుస్తకంతో. తన గొంతు తను విని మొహం చిట్లించింది.

"రెండో చరణంలో శ్రుతి కాస్త దిగానండీ."

"ఎక్కడ? నాకేం వినపడలేదే" అన్నాను.

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

డిసెంబరు 1

ఈ ఏడు కూడా సోలో విమలదే. చెప్పింది. కుడి పక్కన నిలబడి చెప్పింది. వస్తారా అని మాత్రం అడగలేదు.

నేనే అనాలని కాబోలు. అనలేదు. నాలుకమీద దాకా వచ్చింది. ఇరవై ఆరేళ్ళు ఎక్కని మెట్టు. ఎక్కితే మంగతాయారు గారి దగ్గర్నుంచి నా పత్రిక వాళ్ళ దాకా — మాస్టారు మారిపోయాడు. ఎక్కకపోతే...

వ్యాసం రాయలేదు. పత్రికవాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు.

డిసెంబరు 2

రేపు రాజమండ్రి.

పొద్దున్న లేచేసరికి నాబ్ మధ్యలో ఉంది. యాంప్లిఫయరు మీద కాగితం. నా కోర్కెల పత్రం వెనకపక్క, లెక్కల టీచరు అంకెలతో, మార్జిను గీసి. "మీరు రాసే పద్ధతిలోనే రాశాను. సంతకం పెట్టి ఇవ్వండి" అంది, టిఫిన్ బాక్సు సర్దుకుంటూ. అధికారుల చేతిలో నా అర్జీ పెట్టినప్పుడు వాళ్ళ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇవాళ నా మొహం అలాగే ఉండుంటుంది.

ఇంకా సంతకం పెట్టలేదు. కలం చేతిలోనే ఉంది. ఆమె రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

1. బ్యాలెన్సు నాబ్ మధ్యలోనే ఉండాలి.

2. కిటికీకి కట్టిన బొంత వెంటనే విప్పాలి. చలి మొదలైంది.

3. ఇకమీదట అన్నిచోట్లా నేను కుడి పక్కన.

4. డాక్టరుతో వాదించకూడదు. ఆయన చెప్పేది చివరిదాకా వినాలి. నేను పక్కనే ఉంటాను.

5. మిషను పెట్టుకోమంటే పెట్టుకోవాలి. నవ్వేవాళ్ళని నవ్వనివ్వాలి.

6. వినపడకపోతే పేపరు చూస్తూ ఊరుకోకూడదు. వినపడలేదు అని చెప్పాలి. నేను మళ్ళీ చెప్తాను. ఎన్నిసార్లయినా చెప్తాను.

7. ఇరవై నాలుగు సాయంత్రం, కుడి చెవి క్వయర్ వైపు ఉండేలా కూర్చోవాలి. ప్రార్థన చెయ్యక్కర్లేదు. వింటే చాలు.